చక్రం ఎంత బయటికి రావాలి?

పోయిన నెలలో ఒక ఆదివారం రాత్రి, జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగు కుర్రవాడు నాకు ఒక ఫొటో పంపాడు. రెండేళ్లు డబ్బు కూడబెట్టుకుని ఈ మధ్యే ఒక పాత మాజ్డా ఎంఎక్స్-5 కొన్నాడు. 2015లో వచ్చిన నాలుగో తరం బండి, రెండు లీటర్ల ఇంజను. ఫొటోలో కంచు రంగు చక్రాలు నాలుగు మెరుస్తున్నాయి. కింద ఇలా రాశాడు: “అన్నా, 17 అంగుళాలు, 8 వెడల్పు, ఈటీ 25. ఫెండరు అంచుకు సరిగ్గా వచ్చేస్తుందట. ఆర్డరు పెట్టేయనా?” ఈటీ అంటే ఆఫ్‌సెట్: చక్రం బండికి బిగిసే ముఖం, రిమ్ము మధ్యగీత నుంచి ఎన్ని మి.మీ. బయటివైపు ఉందో చెప్పే అంకె. అది తగ్గే కొద్దీ చక్రం బయటికి వస్తుంది. ఫెండరంటే చక్రం మీద కప్పుగా వంగిన రేకు.

“రెండు రోజులు ఆగు” అని మాత్రం రాశాను. అతని ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నాకు ఇష్టం లేదు. నాలుగేళ్ల కిందట అచ్చం అలాంటి ఫొటో చూసి, అచ్చం అలాగే మురిసిపోయి, రెండు వేసవులు ఆ మురిపెంతోనే బండి నడిపినవాణ్ని నేను. ఆ తర్వాత నా మనసు మారింది. ఎందుకు మారిందో ఫోన్‌లో పది వాక్యాల్లో చెప్పబోతే ఏదో ఒకటి మిగిలిపోతోంది. అందుకని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తేలికైన స్పోర్ట్స్ కారుకు మొదట టైరును ఎంచుకోవాలి. ఆ టైరు ఏ వెడల్పు రిమ్ము మీద సరిగ్గా కూర్చుంటుందో ఆ వెడల్పు తీసుకోవాలి. ఆఫ్‌సెట్‌ను మాత్రం కంపెనీ ఇచ్చిన అంకెకు వీలైనంత దగ్గరగా ఉంచి, లోపలివైపు చోటు చాలనప్పుడు మాత్రమే, చాలనంత మేరకు మాత్రమే తగ్గించాలి. ఇప్పుడు ఎక్కువమంది ఈ వరుసను తలకిందులు చేస్తున్నారు. ఫెండరు అంచు దగ్గర మొదలుపెట్టి, అక్కడికి చేరే ఆఫ్‌సెట్ వెతికి, దానికి దొరికిన వెడల్పు కొని, చివరికి ఆ రిమ్ముకు సరిపోయే టైరు ఏదో ఒకటి తగిలిస్తున్నారు.

కంటికి కనిపించేది, సస్పెన్షన్‌కు తెలిసేది

ఈ బండితో వచ్చిన చక్రం 17×7, అంటే 17 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు, ఈటీ 45. చక్రం హబ్‌కు (చక్రాన్ని బిగించే ఇరుసు కొసకు) ఆనే ముఖం నుంచి లెక్క వేస్తే, రిమ్ము బయటి అంచు 43.9 మి.మీ. దూరంలోనూ, లోపలి అంచు 133.9 మి.మీ. దూరంలోనూ ఉంటాయి. కుర్రవాడు పంపిన 8 అంగుళాల ఈటీ 25 చక్రానికి అవే కొలతలు 76.6, 126.6. అంటే బయటి అంచు దాదాపు 33 మి.మీ. బయటికి వస్తుంది, లోపలి అంచు కూడా 7 మి.మీ. బయటికే జరుగుతుంది. అంగుళం వెడల్పు పెంచామనుకుంటాం గానీ, జరిగింది అది మాత్రమే కాదు. చక్రాన్ని మొత్తంగా లాగి బయట పెట్టడం కూడా జరిగింది.

ఆ 33 మి.మీ.లో 12.7 వెడల్పు వల్ల వచ్చింది, మిగిలిన 20 ఆఫ్‌సెట్ తగ్గించడం వల్ల వచ్చింది. బయట నిలబడి చూసే కంటికి ఈ రెండింటికీ తేడా లేదు, రెండూ కలిసి ఫెండరు కింద ఖాళీని నింపుతాయి. సస్పెన్షన్‌కు మాత్రం వాటి మధ్య పోలికే లేదు. ఈటీ 45 దగ్గరే ఉంచి 8 అంగుళాలకు పెంచితే, లోపలికి 12.7, బయటికి 12.7 సమానంగా పెరుగుతాయి. టైరు మధ్యగీత ఉన్నచోటే ఉంటుంది. ఆఫ్‌సెట్ తగ్గించినప్పుడు ఆ మధ్యగీతే కదులుతుంది. నేను పట్టించుకునే గీత అది.

దాన్ని కదిపితే లాభం లేదా అంటే, ఉంది. ఒక్కో చక్రం 20 మి.మీ. బయటికి జరిగితే ట్రాక్, అంటే ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, 40 మి.మీ. పెరుగుతుంది. మలుపులో లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి మారడం, ట్రాక్ పెరిగిన నిష్పత్తిలో తగ్గుతుంది. ఈ బండి ట్రాక్ దాదాపు 1,500 మి.మీ. కాబట్టి లాభం రెండున్నర శాతం చిల్లర. కాగితం మీద అది నిజమైన లాభమే, కాదనను.

ఇక నష్టం ఎక్కడో చూడాలి. ముందు చక్రం స్టీరింగుతో పాటు తిరిగే అక్షాన్ని కిందికి పొడిగిస్తే నేలను ఒకచోట తాకుతుంది. ఆ చోటికీ, టైరు నేల మీద మోపే ముద్ర మధ్యభాగానికీ ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. బ్రేకు వేసినప్పుడు, ఒక చక్రం గుంతలో పడినప్పుడు, రోడ్డు ఒక పక్క తడిగా మరో పక్క పొడిగా ఉన్నప్పుడు, టైరు మీద పడిన బలం ఆ దూరాన్నే పిడిగా చేసుకుని స్టీరింగును లాగుతుంది. ఈ కొలత మామూలు కార్లలో కొద్ది మిల్లీమీటర్ల నుంచి కొన్ని పదుల మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దానికి 20 కలిపితే ఎంత మార్పో ఆలోచించండి. అదే 20 మి.మీ.లను లాభం వైపు 1,500తో పోల్చి చూస్తున్నాం, నష్టం వైపు కొన్ని పదులతో పోల్చి చూడాల్సి వస్తోంది. ఈ ఒక్క సంగతి ముందే ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఆ రెండు వేసవులు వేరేగా గడిచేవి.

వీల్ బేరింగు మీద పడే భారం, స్ప్రింగు మీద చక్రానికి దొరికే పిడి పొడవు కూడా మారతాయి. పొడవైన పిడితో నొక్కినప్పుడు అదే స్ప్రింగు కాస్త మెత్తగా తోస్తుంది. పది ఇరవై మిల్లీమీటర్ల దగ్గర ఇవి చిన్న మార్పులే, వాటిని పెద్దవి చేసి భయపెట్టడం నాకు ఇష్టం లేదు.

నా 8 అంగుళాల చక్రాలు

నేను కొన్నవి 17×8, ఈటీ 35. కుర్రవాడివాటి కంటే నెమ్మదైన కొలతే. స్టుట్‌గార్ట్ పక్కన ఒక పల్లెలో ఒకాయన గ్యారేజీలోంచి పాత దుప్పట్లో చుట్టి ఇచ్చాడు. 215/45 టైర్లు వేయించాను, అంటే 215 మి.మీ. వెడల్పు, అందులో 45 శాతం పక్కగోడ ఎత్తు. నా బండిని అంతకు ముందు యజమాని పొట్టి స్ప్రింగులతో 30 మి.మీ. కిందికి దించి ఉన్నాడు. అన్నీ బిగించి, రోడ్డు అవతలికి వెళ్లి, తిరిగి చూసుకున్న ఆ నిమిషం నాకు ఇంకా గుర్తుంది. బండి నేలను పట్టుకుని కూర్చున్నట్టు అనిపించింది. అది అందంగా లేదని ఈరోజు కూడా అనలేను.

మొదటి లోపం ఆటోబాన్ కుడి లేన్‌లో తెలిసింది. లారీలు తిరిగి తిరిగి అక్కడ రెండు పల్లాలు పడి ఉంటాయి. ఆ పల్లం అంచు ఎక్కగానే స్టీరింగు నా చేతుల్లోంచి జారుకుని అటు వెళ్లేది, దిగగానే ఇటు వచ్చేది. మా ఊళ్లో ఎండిన బురదలో ఎడ్ల బండి గాడి తప్పించుకోవడానికి సైకిలు హ్యాండిలుతో కుస్తీ పట్టినవాళ్లకు ఆ అనుభవం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. వెడల్పు టైరుకు ఈ గుణం కొంత ఎలాగూ ఉంటుందని సర్దుకున్నాను.

రెండోది బ్లాక్ ఫారెస్ట్‌లో తెలిసింది. బాడెన్‌బాడెన్ నుంచి ఫ్రాయ్‌డెన్‌స్టాట్ వైపు వెళ్లే బీ500 కొండరోడ్డు మీద, పక్క సీట్లో నా భార్య, డిక్కీలో రెండు సంచులు. ఒక ఎడమ మలుపు మధ్యలో రోడ్డు కొద్దిగా కుంగి ఉంది. బండి దానిలో దిగినప్పుడు ముందు కుడి వైపు నుంచి గరగరమని ఒక చప్పుడు, అరక్షణం పాటు. తర్వాత కాలిన రబ్బరు వాసన. పక్కకు ఆపి, చక్రాన్ని తిప్పి, వేలు పెట్టి తడిమి చూశాను. ఫెండరు లోపలి నల్లని ప్లాస్టిక్ తొడుగు అంతా గరుకుగా, దుమ్ముపట్టి ఉంటే, ఒకచోట మాత్రం రెండు వేళ్ల వెడల్పున అద్దంలా నునుపుతేలి ఉంది. ఆ నునుపు ఒక్కసారి తగిలితే వచ్చేది కాదు. ఎన్నాళ్లుగానో తగులుతూనే ఉంది, పాటల మోతలో నాకు వినిపించలేదు.

తనిఖీ గుంత మీద

జర్మనీలో ఇలాంటి చక్రాలు ఎవరికి వారు బిగించుకుని ఊరుకోవడానికి వీల్లేదు. చక్రంతో వచ్చిన పత్రంలో మీ బండి పేరు, ఆ టైరు కొలత, షరతులు ఉండాలి. చాలా సందర్భాల్లో తనిఖీ ఇంజనీరుకు చూపించి బండి కాగితాల్లో రాయించుకోవాలి. లేకపోతే బండి రోడ్డెక్కడానికి ఉన్న అనుమతే రద్దవుతుంది. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది దీన్ని వేధింపుగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ తనిఖీలో దొరికిన పాఠం మరెక్కడా దొరకలేదు.

ఆ ఇంజనీరు వయసు మళ్లిన మనిషి, మాట తక్కువ. ముందు ఎడమ చక్రాన్ని ఒక దిమ్మె మీదికి, వెనక కుడి చక్రాన్ని మరో దిమ్మె మీదికి ఎక్కించమన్నాడు. బండి మూలలు మెలిపడ్డట్టయింది. స్టీరింగు ఒక కొస నుంచి మరో కొసకు తిప్పమని, తాను కింద కూర్చుని టైరు భుజానికీ ప్లాస్టిక్‌కూ మధ్య వేలు దూర్చి చూశాడు. తర్వాత చక్రం కేంద్రం నుంచి ముందుకు 30 డిగ్రీలు, వెనక్కి 50 డిగ్రీల మేర టైరు ఫెండరు కింద దాగి ఉందా అని పైనుంచి ఒక బద్ద వేలాడదీసి చూశాడు. అది సరిపోయింది. వేలు మాత్రం దూరలేదు. పక్క సీట్లో తన సహోద్యోగిని కూర్చోబెట్టి మళ్లీ చూశాడు. చివరికి లేచి, చేతులు తుడుచుకుంటూ ఇలా అన్నాడు: “షాక్ అబ్జార్బరు కడ్డీకి లిమిటర్లు పెట్టుకుని రండి. సస్పెన్షన్ అంతగా కుంగకుండా ఆపుతాయి. అప్పుడు రాసిస్తాను.”

లిమిటర్లంటే చిన్న ప్లాస్టిక్ ముక్కలు. కడ్డీకి తగిలిస్తే చక్రం పైకి లేచే ప్రయాణంలో కొంత భాగాన్ని అవి తినేస్తాయి. కొన్నాను. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. ఎంఎక్స్-5 తయారుచేసినవాళ్లు వెయ్యి కిలోలకు అటూ ఇటూ బరువున్న ఈ బండికి ముందు డబుల్ విష్‌బోన్, వెనక మల్టీలింక్ అనే సస్పెన్షన్ అమరికలు పెట్టి, ఒక్కో గ్రాము తగ్గించడానికి తంటాలు పడి, ఇంతకు ముందు తరంలో అయిదుకు పెంచిన చక్రాల నట్లను మళ్లీ నాలుగుకు దించారు. అదంతా చక్రం స్వేచ్ఛగా కదలడం కోసం. నేనేమో ఫెండరు కింద ఖాళీ నింపడం కోసం డబ్బిచ్చి ఆ కదలికను కోసేసుకుంటున్నాను. అయినా పెట్టించాను. కాగితాల మీద ముద్ర పడింది. ఆ వేసవంతా కొండరోడ్ల మీద గతుకు వచ్చినప్పుడల్లా బండి ఆ ముక్కల మీద కూర్చుని టక్కుమనేది.

శీతకాలపు చక్రాలు

అక్టోబరులో చలికాలపు చక్రాలు వేశాను: 16×6.5, ఈటీ 45, మీద 195/50 టైర్లు. ఈ బండికే కంపెనీ ఇచ్చే చిన్న చక్రాలు. ఇంటి నుంచి బయల్దేరి మొదటి మలుపు తిరిగేసరికి నవ్వొచ్చింది. చేతులకు రోడ్డు అందుతోంది. మలుపు మధ్యలో ముందు టైర్ల మీద ఎంత బరువుందో స్టీరింగు బరువే చెబుతోంది. గాళ్లు, పల్లాలు ఉన్నాయనే తెలుస్తోంది గానీ అవి బండిని లాక్కుపోవడం లేదు.

ఇక్కడ నన్ను నేనే అనుమానించుకోవాలి. ఆ తేడా ఆఫ్‌సెట్‌దేనని ఎలా చెప్పగలను? చక్రం, టైరు కలిపి ఒక్కో మూలకు రెండు కిలోల దాకా బరువు తగ్గింది. టైరు పక్కగోడ కొంచెం ఎత్తయింది. చలికాలపు రబ్బరు మెత్తన. టైరు వ్యాసం 625 మి.మీ. నుంచి 601కి దిగింది కాబట్టి గేర్లు కూడా నాలుగు శాతం దాకా పొట్టివయినట్టే, బండి చురుగ్గా అనిపించడానికి అదొక్కటే చాలు. ఇన్ని ఒకేసారి మారినప్పుడు గొప్పతనమంతా ఒకదానికే కట్టబెట్టడం నిజాయితీ కాదు.

అందుకే తర్వాతి వసంతంలో రెండు పనులు చేశాను. లిమిటర్లు తీసేసి, నా 8 అంగుళాల చక్రాలకు వేసిన బ్రాండు, మోడలు టైర్లనే కంపెనీ 7 అంగుళాల చక్రాలకు 205/45లో వేయించాను. మునుపటి కొలతకూ దీనికీ ఇప్పుడు రబ్బరు తేడా లేదు. గాళ్లలో లాగడం చాలావరకు పోయింది. అయినా టైరు 10 మి.మీ. సన్నం కదా, దానివల్లేమో అన్న అనుమానం మిగిలింది. రేసు ట్రాక్‌కు వెళ్లే ఒక జర్మన్ స్నేహితుడి దగ్గర 17×8, ఈటీ 45 చక్రాలున్నాయి, 215 టైర్లతోనే. ఒక మధ్యాహ్నం అరువు తీసుకుని నా బండికి బిగించి, అదే రోడ్డు మీద, అదే కుడి లేన్‌లో నడిపాను. స్టీరింగు 7 అంగుళాలప్పటి కంటే కొంచెం బద్ధకంగా ఉంది. కానీ ఈటీ 35 చక్రాలు లాగినట్టు లాగలేదు. వెడల్పు అదే, దాదాపు అదే టైరు, మారింది మధ్యగీత మాత్రమే.

కళ్లకు గంతలు కట్టుకుని చేసిన పరీక్ష కాదది. ఏ చక్రం బిగించానో నాకు తెలుసు, తెలిసినప్పుడు చేతులు వినాలనుకున్నది వింటాయి. టైర్ల అరుగుదల కూడా రెండు సెట్లకూ ఒకటి కాదు. అయినా లెక్క చెప్పినదీ, చేతులకు తెలిసినదీ ఒకటే అయినప్పుడు దాన్ని నమ్మడం తప్పని అనుకోను.

కంపెనీలు వెడల్పు పెంచినప్పుడు

ఆ తర్వాత ఇతర బండ్ల కొలతలు తీసి చూడడం ఒక అలవాటయింది. 1989 నాటి మొదటి ఎంఎక్స్-5 చక్రం 14×5.5, ఈటీ 45. ఇప్పటి బండి 16×6.5 చక్రమూ, 17×7 చక్రమూ రెండూ ఈటీ 45. 2012లో వచ్చిన టొయోటా 86కు 17×7, ఈటీ 48. దాని తర్వాతి జీఆర్86కు 18×7.5, మళ్లీ ఈటీ 48. హోండా ఎస్2000 కథ ఇంకా స్పష్టం. 1999లో మొదలైనప్పుడు దానికి ముందు 16×6.5 ఈటీ 55, వెనక 16×7.5 ఈటీ 65. వెనక భాగం తొందరగా జారిపోతుందన్న పేరు పడ్డాక, 2004 మోడలుకు సస్పెన్షన్ సవరించి, చక్రాలను ముందు 17×7, వెనక 17×8.5 చేశారు. వెనక టైరు 225 నుంచి 245 అయింది. ఆఫ్‌సెట్లు మాత్రం ముందు 55, వెనక 65 గానే ఉంచారు. పెరిగిన వెడల్పును లోపలికీ బయటికీ సమంగా పంచారన్నమాట.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, అది బలమైనదే. హబ్బూ సస్పెన్షన్ చేతులూ మారనప్పుడు ఆఫ్‌సెట్ మార్చకపోవడంలో విశేషం ఏముంది, కంపెనీకి అది సులువు కాబట్టి అలా చేసింది, మంచుగొలుసులకు చోటు, అన్ని దేశాల నియమాలు, ఒకే అచ్చులో పోత ఖర్చు, ఇవన్నీ చూసుకుని నిర్ణయించిన అంకెను వేదవాక్కుగా పట్టుకోవడం ఎందుకు అంటారు. వేదవాక్కని నేనూ అనను. ఫెండరు కింద అంత ఖాళీ ఉండడానికి సగం కారణాలు నడిపేవాడికి సంబంధించినవే కావు. అయితే ఖాళీ ఎందుకు వదిలారన్నది వేరు, మధ్యగీత ఎక్కడ పెట్టారన్నది వేరు. సస్పెన్షన్ గీసినవాడు స్టీరింగు అక్షాన్ని ఆ గీతను చూసుకునే గీస్తాడు. ఖాళీని నింపడానికి ఆ గీతను జరిపినప్పుడు, అతను వదిలేసిన పనిని పూర్తిచేస్తున్నామనుకుంటూ అతను పూర్తిచేసిన పనిని విప్పుతున్నాం.

ఎస్2000 ఉదాహరణలో ఇంకో సంగతి ఉంది. ముందు వెనకల వెడల్పు తేడా బండి స్వభావాన్ని మార్చే పరికరం. వెనక ఎక్కువ, ముందు తక్కువ పెట్టారంటే తోకను అదుపులో పెట్టాలని అలా చేశారు. ఎంఎక్స్-5కు నాలుగు మూలలా ఒకే కొలత ఇచ్చారు, బరువు కూడా ముందువెనకలకు దాదాపు సమానంగా పంచారు. దానికి వెనక మాత్రమే వెడల్పు చక్రాలు వేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ముందు టైర్లు ఓడిపోయి నేరుగా జారే బండిగా దాన్ని మార్చడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

ట్రాక్ స్నేహితుడి వాదన

నాకు చక్రాలు అరువిచ్చిన స్నేహితుడు నా మాటలో సగమే ఒప్పుకుంటాడు. ఆయన న్యూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ అనే రేసు ట్రాక్‌కు ఏటా నాలుగైదుసార్లు వెళ్తాడు. దాదాపు 21 కిలోమీటర్ల ఆ చుట్టు తిరిగి వచ్చేసరికి టైరు భుజాలు ఎలా అరుగుతాయో చేత్తో చూపిస్తాడు. 225/45 టైరును 7 అంగుళాల రిమ్ము మీద వేస్తే, అనుమతించిన వెడల్పుల్లో అదే చిట్టచివరిది కాబట్టి, పక్కగోడలు లోపలికి నొక్కుకుపోయి, మలుపులో టైరు భుజం మీదికి దొర్లుతుంది. అదే టైరు 8 అంగుళాల మీద నిటారుగా నిలబడుతుంది. ఇందులో ఆయనతో నాకు పేచీ లేదు. ఆ టైరు కావాలనుకున్నవాడికి ఆ రిమ్ము కావాలి. ముందు టైరు, తర్వాత వెడల్పు అన్న నా వరుసలోనే అదీ ఉంది.

9 అంగుళాలు వేసుకునే రేసు మనుషుల సంగతీ ఆయనే చెబుతాడు. ఈటీ 45 దగ్గర 9 అంగుళాలంటే లోపలికి 25.4 మి.మీ. పెరుగుతుంది, చక్రం సస్పెన్షన్ చేతులకూ షాక్‌కూ మరీ దగ్గరపడుతుంది. అప్పుడు ఆఫ్‌సెట్ తగ్గించక తప్పదు. వాళ్లు దాని వెల తెలిసే ఇస్తున్నారు. స్ప్రింగులు, క్యాంబరు (చక్రం నిలువు వంపు), టో (చక్రాలు చూసే దిశ) అన్నీ దానికి తగ్గట్టు మళ్లీ సరిచేసుకుంటారు. ఆదివారం పూట పాటలు వింటూ కొండెక్కే మనం ఆ పనంతా వదిలేసి, వాళ్ల చక్రాల కొలత ఒక్కటే అరువు తెచ్చుకుంటున్నాం.

ఇక ఎంత టైరు అవసరం అన్నది. ఇక్కడ నాకు టొయోటా 86 గుర్తొస్తుంది. 2012లో ఆ బండికి 215/45 మిషెలిన్ ప్రైమసీ టైర్లు వేసి అమ్మినప్పుడు, అవి పొదుపు కారు ప్రియస్ టైర్లని చాలామంది చిన్నచూపు చూశారు. 200 గుర్రాల (హార్స్‌పవర్) బండికి అతుక్కుపోయే టైర్లు వేస్తే, జారుడు మొదలయ్యే చోటు మామూలు వేగాల్లో మామూలు మనిషికి అందనంత పైకి వెళ్లిపోతుందని దాన్ని గీసినవాళ్లు ఆలోచించారు. 160 గుర్రాలు, టన్ను బరువు ఉన్న నా బండికి ఆ మాట ఇంకా బాగా వర్తిస్తుందని నేను నమ్ముతున్నాను. 205 టైరుకు 6.5 నుంచి 7.5 అంగుళాల రిమ్ము అనుమతి ఉంది. 7 సరిగ్గా మధ్యలో ఉంది.

కుర్రవాడికి నా జవాబు

ఇదంతా అతనికి చెప్పాను, అతను ఊరికే తలూపే రకం కాదు. “హబ్‌కూ చక్రానికీ మధ్య 20 మి.మీ. స్పేసరు బిళ్లలతో లక్ష కిలోమీటర్లు తిప్పినవాళ్లున్నారు కదన్నా, ఏ బేరింగూ పోలేదే” అన్నాడు. నిజమే, పోకపోవచ్చు. ఏదో విరిగిపోతుందని నేనెక్కడా అనలేదు. “నువ్వు ఈ బండి ఎందుకు కొన్నావో నాకు చెప్పావు గుర్తుందా? స్టీరింగు ఎంత బాగుందో చెప్పడానికి రాత్రి పదకొండింటికి ఫోన్ చేశావు. దాన్నే అమ్మి ఫెండరు అంచు కొంటున్నావు” అన్నాను. కాసేపు మాట్లాడలేదు. నేను గట్టిగా అన్నానేమోనని తర్వాత నాకే అనిపించింది.

మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చాడు. జాకీ మీద బండి లేపి, ముందు చక్రం తీసి, వెనక్కి తిప్పి చూపించాను. చక్రం పుల్ల (స్పోకు) వెనక వైపు బ్రేకు దుమ్ము గుడ్డతో తుడిస్తే పోతపోసిన అక్షరాలు బయటపడ్డాయి: వెడల్పు, వ్యాసం, ఈటీ 45. ఈటీ అన్న ఆ రెండక్షరాలు జర్మన్ మాట ఆయిన్‌ప్రెస్‌టీఫకు పొట్టి రూపమని తెలిసి ఆశ్చర్యపోయాడు. ఈ చక్రం మధ్య రంధ్రం 54.1 మి.మీ. అనీ, బయట దొరికే చక్రాల రంధ్రం చాలాసార్లు అంతకంటే పెద్దదనీ, మధ్యలో సరైన రింగు లేకపోతే వేగంగా వెళ్లేటప్పుడు స్టీరింగు వణుకుతుందనీ చెప్పాను. మా అమ్మాయి ఆడుకునే రంగు మట్టి ముద్దలు నాలుగు తెచ్చి, ఫెండరు లోపల అనుమానం ఉన్నచోటల్లా అంటించి, చక్రం బిగించి, ఇద్దరం ఎక్కి, వీధి చివరి గతుకు మీదుగా రెండుసార్లు తిరిగొచ్చాం. విప్పి చూస్తే ముద్దలు గుండ్రంగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒకదాన్ని వేలితో నొక్కి మందం కొలిచి, 33 మి.మీ. బయటికి వచ్చే టైరు ఎక్కడిదాకా వస్తుందో అతనే స్కేలు పెట్టి చూసుకున్నాడు. నేనేమీ అనలేదు.

ఈటీ 25 ఆలోచన మానుకున్నాడు. కానీ నిన్న ఇంకో ఫొటో వచ్చింది: 17×7.5, ఈటీ 38. లెక్క వేశాను. లోపలి అంచు దాదాపు ఉన్నచోటే, బయటి అంచు 13 మి.మీ. బయటికి, మధ్యగీత 7 మి.మీ. బయటికి. 205 టైరు దాని మీద అనుమతించిన హద్దులోనే కూర్చుంటుంది. నేనైతే ఆ ఏడు కూడా ఇవ్వను, అతని బండి అతనిది. ఆర్డరు పెట్టే ముందు ఒక పని చేయమన్నాను. వచ్చే ఆదివారం నా 16 అంగుళాల చక్రాలు అతని బండికి బిగించి, బీ500 మీద ఆ కుంగిన మలుపు దాకా ఇద్దరం వెళ్తున్నాం. స్టీరింగు అతని చేతుల్లోనే ఉంటుంది.